బావగారి కారు, మూడు హారన్లు

ముందే చెప్పేస్తున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా పెరట్లో బల్లి కనిపిస్తే వీధి చివరికి వెళ్ళేసరికి నా నోట్లో అది ఉడుమవుతుంది, బజారు చేరేసరికి మొసలవుతుంది. బరంపురంలో నన్నెరిగినవాళ్ళు నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించుకుని వింటారు. మీరూ అలాగే వినండి, నాకేం కోపం లేదు. కానీ ఎనిమిదేళ్ళుగా నా గుండె మీద కూర్చున్న బరువు ఒకటుంది. దాన్ని మాత్రం భాగించకండి. చూడటానికి అది అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. నల్లటి డబ్బా, కింద నాలుగు ఇనప కాళ్ళు. కారులో ఫ్యానుకి కరెంటు అందించే రిలే అది. మోస్తే తెలుస్తుంది, మహేంద్రగిరి అంత బరువు.

కారు మా బావగారిది. అంటే మా అక్క భర్తది. తెలుగు బడిలో హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నేను సరదాగా రాసుకునే కాగితాలను ఈనాటికీ ఎర్ర సిరాతో దిద్దుతారు. కారుకి కూడా బడి గంట పెట్టారు. ఇంటికి రాగానే గేటు ముందు మూడు హారన్లు. అవి వినబడితేనే అక్క గేటు తీస్తుంది. కారు ఎవరైనా అడిగి తీసుకెళితే, తిరిగి తెచ్చినప్పుడు గేటు దగ్గరే ఆపి "కొట్టు" అంటారు. మూడూ మోగితే కారు క్షేమం. ఆయన తనిఖీ అంతే. బానెట్టు ఆయనా ఎత్తరు, ఇంకొకరిని ఎత్తనివ్వరు. ఆ హక్కు మెకానిక్ సింహాచలం మేస్త్రిది.

మేస్త్రికి గోపాల్‌పూర్ రోడ్డులో రేకుల షెడ్డు. బావగారికీ ఆయనకీ ముప్పై ఏళ్ళ స్నేహం. ఇంజనుకి మేస్త్రి చెవి ఆనిస్తే అది తన చిన్నప్పటి సంగతులు కూడా చెప్పేస్తుందని ఊరంతా చాటింది నేనే.

ఆ వేసవిలో మా తోడల్లుడు విశాఖ నుంచి పిల్లాపాపలతో దిగాడు. ఇంజనీరు. ఆయన ఇంజనీరన్న సంగతి మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. గోపాల్‌పూర్ చూపిస్తానని బావగారి కారు తీసుకున్నాను. మేస్త్రి సర్వీసు చేసి అప్పటికి రెండు రోజులు. బజారులో ఇరుక్కున్నప్పుడు ఫ్యాను హోరుమని తిరిగింది, నా చెవులతో విన్నాను. ఇది గుర్తుంచుకోండి.

గోపాల్‌పూర్‌లో సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద బస్సులూ ఆటోలూ ముడిపడిపోయాయి. అప్పడం వేస్తే బానెట్టు మీద వేగిపోయే ఎండ. వేడి చూపించే ముల్లు మెల్లగా లేచింది. ఏసీలోంచి వడగాలి మొదలైంది. పక్కకు తీసి దిగి చూస్తే ఇంజను కుతకుత ఉడుకుతోంది, దాని ముందున్న ఫ్యాను మాత్రం కదలడం లేదు.

"మేస్త్రిని ఎవరినైనా పిలుద్దామా?" అన్నాడు తోడల్లుడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఇంజనీరే చేతులు కట్టుకుని నిలబడ్డ చోట నేను చెయ్యి పెట్టి గెలిస్తే ఎలా ఉంటుంది? బానెట్టు ఎత్తాను.

అరగంట చల్లారనిచ్చాను. ఫోనులో చదువుతూ ఒక్కొక్కటే చూశాను. ఫ్యూజు బాగుంది. వైరు ఊడలేదు. మిగిలింది రిలే. హారన్‌కీ అచ్చం అలాంటి రిలేనే ఉంటుంది, రెండూ అటుదిటు మార్చి చూడమని రాసుంది. మార్చాను. ఫ్యాను హోరుమంది! తోడల్లుడు చప్పట్లు కొట్టాడు. బంగాళాఖాతం కూడా కొట్టిందని తరవాత చాలామందికి చెప్పాను. చెడిన రిలే ఇప్పుడు హారన్‌ది, కాబట్టి హారన్ మూగబోయింది. పోతే పోయిందనుకున్నాను.

బరంపురం చేరాక తెలిసింది, పోతే కుదరదని. ఊళ్ళో ఠాకురాణి జాతర. వీధి నిండా జనం. కారుకి అడ్డంగా ఒక ఎద్దు, దాని కొమ్ములకు కాగితం పూలు. కిటికీలోంచి తల బయటికి పెట్టి "ఘుంచ! ఘుంచ!" అని ఒడియాలో అరిచాను. జనం జరగలేదు, ఎద్దు అసలే జరగలేదు. హారన్ లేకుండా ఈ ఊళ్ళో ఎవరైనా బండి నడపగలరా? అందుకని రిలేలు మళ్ళీ మార్చేశాను. హారన్ బతికింది, ఫ్యాను చచ్చింది. ఇల్లు అర కిలోమీటరే కదా.

గేటు దగ్గర బావగారు నిలబడి ఉన్నారు.

"కొట్టు."

కొట్టాను. మూడూ మోగాయి.

"బండేటైనా పేచీ పెట్టిందేటోయ్?"

"నేదు బావగారూ. బంగారం."

"బానెట్టు ముట్టుకోనేదు కదా?"

"నానెందుకు ముడతాను?"

మర్నాడు కొత్త రిలే కొని, ఆయన కునుకు తీసేవేళ గుట్టుగా పెట్టేద్దామనుకున్నాను. మర్నాడు బద్ధకించాను. ఆ మర్నాడు చుట్టాలను రైలెక్కించాను. మూడో నాడు బావగారు అక్కను ఎక్కించుకుని అస్కా బయల్దేరారు.

కారు పరిగెడుతున్నంతసేపూ గాలి తగిలి ఇంజను చల్లగానే ఉంటుంది. ఆగితేనే ఫ్యాను కావాలి. హింజిలి బజారులో లారీల వెనక ఆగారు. బావగారు ముల్లు చూడలేదు. ఆవిరి చిమ్మాకే చూశారు. మనుషులకేమీ కాలేదు. ఇంజను లోపల మాత్రం హెడ్ గాస్కెట్ పోయింది. ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని కారు మేస్త్రి షెడ్డుకు వచ్చింది. కబురు తెలిసి నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? చెప్పేద్దామనే. ఈ మాట నిజం.

"ఫ్యాను తిరగనేదు. సర్వీసు సేసి వారం కానేదు. ఏటి సూసేవు సింహాచలం నువ్వు?" బావగారి గొంతు రోడ్డవతలికి వినబడుతోంది.

"తిరిగింది మేస్టారూ. నా కళ్ళతో సూసేను."

"కళ్ళా! ఆ కళ్ళకి పొర కమ్ముతోందని నువ్వే కదా సెప్పేవు? కనబడనప్పుడు పనిముట్లు పక్కన పెట్టుకోవాలి గానీ, మనుషుల పేణాలతో ఏటీ ఆటలు?"

టీ కొట్టు దగ్గరివాళ్ళు ఇటు తిరిగారు. మేస్త్రి గ్రీజు చేతులు రెండూ ఎత్తి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"అయ్యుంటది మేస్టారూ. నాదే తప్పయ్యుంటది."

నేను మూడు మూరల దూరంలో ఉన్నాను. నోట్లో కిళ్ళీ ఉంది. ఉమ్మేసి ఒక్క వాక్యం చెబితే చాలు. ఊళ్ళో ఎవరూ అడక్కుండానే పదివేల వాక్యాలు చెప్పిన నోరు నాది. ఆ ఒక్కటీ ఎందుకు రాలేదు? బావగారంటే భయమా? తోడల్లుడి చప్పట్లు వెనక్కి ఇచ్చేయాల్సి వస్తుందనా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కిళ్ళీ నములుతూ ఇంటికి వచ్చేశాను.

ఆ తరవాత బావగారు ఆ షెడ్డు గడప తొక్కలేదు. అది నన్నంతగా తినలేదు. తిన్నది ఇంకొకటి. మేస్త్రి తన చేతిని తానే నమ్మడం మానేశాడు. బిగించిన బోల్టునే నాలుగుసార్లు తడిమేవాడు. కళ్ళకు ఆపరేషనైంది, చూపు వచ్చింది, నమ్మకం రాలేదు. వైర్ల పని వద్దన్నాడు, తరవాత ఇంజను పనే వద్దన్నాడు. ఇంజన్లతో మాట్లాడిన మనిషి ఇప్పుడు ట్యూబులకు పంక్చర్లు వేస్తున్నాడు.

పోయిన వారం వెళ్ళాను. నా స్కూటరుకు గాలి బాగానే ఉంది, అయినా దాన్ని నెట్టుకుంటూ వెళ్ళాను. బల్ల మీద కూర్చుని అంతా చెప్పాను, రిలే, హారన్, జాతర, ఎద్దు. మేస్త్రి నీళ్ళ తొట్టెలో ట్యూబు ముంచి బుడగలు చూస్తూ విన్నాడు. తరవాత చేతులు బయటికి తీసి, తిప్పి చూసుకున్నాడు.

"ఐతే నా సెయ్యి తప్పు సెయ్యనేదన్నమాట."

"నేదు మేస్త్రీ."

"మేస్టారికి సెప్పేవేటి?"

"ఇంకా నేదు."

"సెప్పు."

అంతే. మళ్ళీ ట్యూబు ముంచాడు. నన్ను తిట్టలేదు, పరవాలేదనీ అనలేదు. నేనెప్పుడు వెళ్ళినా టీ తెప్పించే మనిషి, ఆ రోజు తెప్పించలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. పేరు పెట్టడం లేదు, కానీ హారన్ల దగ్గరికి రాగానే బావగారికి తెలిసిపోతుంది. ఆయనకు ముందుగా దిద్దడానికి ఇవ్వకుండా పత్రికకు పంపుతున్న మొదటి కాగితం ఇదే. ఆయన మళ్ళీ నా ముఖం చూస్తారో లేదో తెలియదు. అయినా ఏమిటో, రాస్తుంటే ఊపిరి సాఫీగా ఆడుతోంది. మధ్యాహ్నం చారన్నం రెండోసారి వడ్డించుకున్నాను. మా ఆవిడ వింతగా చూసింది.

ఇంకొకటి మిగిలింది. ఎక్కడెక్కడ పెంచానో మీకు తెలుసు. కల్పించింది మాత్రం ఒక్కటే. ఎద్దు లేదు. జనం లేరు. ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి వస్తుంది, ఆ ఏడు రానే లేదు. వీధి ఖాళీగా ఉంది. చుట్టాలను మా ఇంటి దగ్గర దింపి, బావగారి వీధి మలుపులో ఒక్కణ్ణే కారు ఆపి, ఎవరూ చూడకుండా రిలేలు మార్చాను. హారన్ మోగకపోతే గేటు దగ్గరే దొరికిపోతాను. ఫ్యాను తిరగకపోతే నేను వెళ్ళిపోయాక ఎప్పుడో తెలుస్తుంది. మార్చేటప్పుడే ఇదంతా ఆలోచించుకున్నాను. జాతర తరవాత అల్లుకున్నది. మొదట నాకు నేను చెప్పుకున్నాను, పోయిన వారం మేస్త్రికి కూడా అదే చెప్పాను. ఏ ఏడు జాతరో ఏ ఏడు కాదో ఆయనకు తెలియదా? టీ రానిది అందుకేనేమో.

బావగారూ, ఎర్ర సిరా తీసుకోండి. ఆ జాతర పేరా కొట్టేయండి. మిగతాదంతా ఉండనివ్వండి.