నూట యాభై ఏడు సంచుల స్లాబు

మరియ గురించి నేను పెంచి చెబుతానని మా ఊరు ఎల్లారెడ్డిలో అందరూ అంటారు. నిజమే. ఆమె వీధిలో నడుస్తుంటే గోడలు భయపడి తమలో ఎన్ని ఇటుకలున్నాయో తామే చెప్పేస్తాయని ఒకసారి అన్నాను. కానీ శాంతవ్వ ఇంటికి స్లాబు వేసిన రోజు నేను ఎదురింటి అరుగు మీద పొద్దుటి నుంచీ కూర్చుని ఉన్నాను. ఆ రోజు జరిగినదానికి నా వైపు నుంచి కలపడానికి ఏమీ మిగల్లేదు.

మరియ ఇరవై ఏళ్లు గంగారాం మేస్త్రీ దగ్గర కాంక్రీటు తట్టలు మోసింది. ఏ ఇంటికి ఎన్ని సంచుల సిమెంటు పట్టిందో ఆమెకు గుర్తుండేది. మోసిన తల కదా, మరిచిపోలేదు. ఈ ఏడు పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టుకుని తనే మేస్త్రీ అయింది. శాంతవ్వ ఇల్లే మొదటి స్లాబు. సెంట్రింగు, అంటే కింద కట్టెలు నిలబెట్టి పైన ఇనుప రేకులు పరిచే పని మాత్రం గంగారాందే.

“కాంక్రీట్ నడుమల అయిపోయిందనుకో, స్లాబ్‌కు అతుకు పడతది. అతుకుల్నుంచి వాన కారుతది,” అన్నాడు గంగారాం, ఆడవాళ్లందరికీ వినిపించేలా. “గప్పుడు మల్ల నా దగ్గరికే రావాలె మీరు. తట్టలు ఖాళీగనే ఉన్నయి.”

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్లు అప్పుడే గంగారాం వైపు తిరిగాయి. మరియ అది చూసింది.

కామారెడ్డి నుంచి వచ్చిన ఇంజనీరు సిద్దార్థ ఫోను చూసి లెక్క చదివాడు. నలభై అడుగుల పొడవు, ముప్పై వెడల్పు, అయిదు అంగుళాల మందం. అంటే అయిదు వందల ఘనపుటడుగులు. కిందికి దిగే దూలాలకు నూట యాభై. ఒక సంచి సిమెంటు ఇసుకతో, కంకరతో కలిస్తే నాలుగున్నర ఘనపుటడుగుల కాంక్రీటు. మొత్తం నూట నలభై అయిదు సంచులు. కాన్వెంటులో సిస్టర్లు నాకు బెత్తంతో నేర్పిన లెక్క కూడా సరిగ్గా అంతే చెప్పింది.

“పన్నెండు సంచులు తక్కువున్నయి సారూ,” అంది మరియ.

“ఎట్ల తక్కువుంటయమ్మా? ఫోన్‌ల లెక్క ఉంది.”

“ఫోన్‌కు ఈ రేకులు తెల్వయి గదా.”

ఆమె నాలుగు బిందెల నీళ్లు తెప్పించి రేకుల మీద పోయించింది. నీళ్లు అంచుల దగ్గర నిలబడలేదు. ప్రతి రేకు మధ్యలోకీ ఉరికి మడుగులు కట్టాయి. రేకులు పాతవి, నడుములు వంగినవి. మరియ ఒక్కో మడుగులో వేలు ముంచి తడి ఎక్కడిదాకా వచ్చిందో సిద్దార్థకు చూపించింది. ఒకచోట అంగుళం, ఒకచోట పావు.

సిద్దార్థ మోకాళ్ల మీద కూర్చున్నాడు. “అంతట సగటున అర్ధ అంగుళం అనుకుంటే... ఇంకో యాభై అడుగులు!” అని లేచి గట్టిగా అరిచాడు. “పదకొండు సంచులు! అక్కా, పన్నెండోది ఎందుకు?”

“అది మిల్లర్ తింటది. డ్రమ్ముకు అంటుకున్నది మనకు రాదు గదా.”

శాంతవ్వ వెంటనే పన్నెండు సంచులు తెప్పించింది. కాంక్రీటు కలిపే మిల్లరు గిర్రున తిరిగింది. తట్టలు చేతి నుంచి చేతికి ఎగిరాయి. నా అరుగు కూడా అదిరిందంటే నమ్మండి. అరవై సంచులు పడేసరికి హాలు నిండాలని మరియ లెక్క. అరవై అయ్యాయి. హాలులో రెండు మంచాలంత జాగా ఇంకా ఖాళీగా ఉంది.

“ఏమాయె మేస్త్రమ్మా?” అన్నాడు గంగారాం. ఆ అనడంలో ఎంత తీపి!

మరియ రేకు వంగని అంచు చూసుకుని, అయిదంగుళాల దగ్గర గీత పెట్టిన చువ్వను పచ్చి కాంక్రీటులోకి దింపింది. గీత మునిగిపోయింది. ఇంకోచోట దింపింది. అక్కడా మునిగింది.

“హన్మండ్లన్నా! ఆరున్నది ఇక్కడ. ఎవలు పొయ్యమన్నరు?”

కూలికి వచ్చి పైన చెక్కతో చదును చేస్తున్న హన్మండ్లు తల గోక్కున్నాడు. “శాంతవ్వ చెప్పింది. ఇంకో ఇంచు మందం పెట్టు కొడుకా, చాయ తాపిస్త అన్నది. రెండుసార్లు తాపిచ్చింది.”

శాంతవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “మందమెక్కువుంటె గట్టిగుంటదనుకున్న బిడ్డా! నా ఇల్లు గదా!”

“నీ ఇల్లే అవ్వా! హాల్‌కు గట్టిగ పోసుకుంట పోతె, వంటింటి మీద మొగులే కప్పయితది!”

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వులోనే మరియ చీర కుచ్చిళ్లు ఎగదోపి పార అందుకుంది. “గుంజుండ్రి! గట్టిపడకముందే ఈ ఇంచంత ముందుకు గుంజుండ్రి!” ఇందాక గంగారాం వైపు చూసిన ఇద్దరే అందరికన్నా ముందు దూకారు. ఆరు పారలు ఒక్కసారి కదిలాయి. ఎక్కువైనదంతా ఖాళీ మూలకు చేరింది. హాలు నిండింది. అక్కడి నుంచి ప్రతి పది తట్టలకూ ఒకసారి మరియ చువ్వ దింపింది, హన్మండ్లుకు మూడో చాయ దొరకలేదు.

నూట నలభై అయిదో సంచి పడేసరికి వంటింటి మీద రేకులు ఇంకా తళతళలాడుతున్నాయి. సిద్దార్థ గోళ్లు కొరుక్కున్నాడు. నూట యాభై. నూట యాభై అయిదు. నూట యాభై ఏడో సంచి దులిపి మడత పెట్టేశారు. మూలన చాటంత చోటు మిగిలింది.

“అడుగులు గీకుండ్రి!” అంది మరియ. తట్టలు గీకారు, పారలు గీకారు, మిల్లరు దగ్గర పరిచిన తాడిపత్రి పట్టా మీద ఒలికిందీ ఎత్తారు. చివరి తట్ట మరియే నెత్తిన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. మూలన కుమ్మరించి అరచేత్తో అదిమింది. అతుకు లేదు. వీధి అంతా ఈలలు. ఆమె లెక్కకు మిగిలిన చోటు చాటంత అని ఈ ఏడు చెబుతున్నాను, వచ్చే ఏటికి అది బొటనవేలంత అవుతుంది, ముందే చెబుతున్నాను.

గంగారాం కింద నిలబడి పైకి చూస్తున్నాడు.

“సదాశివనగర్‌ల మా తమ్ముని ఇల్లుంది. ఆదివారం స్లాబ్,” అన్నాడు. “మొత్తం మీ జట్టే పట్టుకుంటదా, మరియా?”

“జాగ చూడకుంట చెప్ప అన్నా. బండి తియ్, ఇప్పుడే చూసొద్దాం.”

కాళ్ల మీది సిమెంటు ఆరకముందే ఆమె బండి వెనక ఎక్కి కూర్చుంది.