బొర్రాకు పంపిన ఐదుగురు

కొండ మీది బడిలో పనిచేసిన ఏళ్ళ గురించి ఎవరైనా అడిగితే మంచు గురించి, కాఫీ తోటలు పూసే వారం గురించి చెబుతాను. ఒక మార్చి నెల మాత్రం దాటేస్తాను. ఆ నెలలో నేను చేసింది మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

మాది విజయనగరం దగ్గర పల్లె. టీచరు ఉద్యోగం ఏజెన్సీలో వచ్చింది. ఒకటే గది, ముందు వరండా, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, అన్నింటికీ నేనొక్కదాన్నే. పిల్లలు ఇంట్లో వాళ్ళ భాష మాట్లాడుకునేవాళ్ళు. తెలుగు వాళ్ళకు బడిలోనే ఎదురయ్యేది. ఊరి కింద లోయలో చిన్న రైల్వే స్టేషను ఉంది. పొద్దున్న పాసింజరు బొర్రా మీదుగా అరకు వైపు ఎక్కి, సాయంత్రం దిగివచ్చేది. కరెంటాఫీసులో పనిచేసే మా ఆయన నెలకోసారి ఆ రైల్లోనే నన్ను చూడ్డానికి వచ్చేవాడు.

మూడో ఏడు వానలు తగ్గాక మండలాఫీసులో మాకు శిక్షణ పెట్టారు. ప్రతి బడీ తన లక్ష్యాలు తనే రాసుకోవాలి, వాటిని ఊరి విద్యా కమిటీకి చదివి వినిపించాలి, ఏడాది చివర ఎంతవరకు సాధించామో అదే కమిటీకి జవాబు చెప్పుకోవాలి. నాకిది నిజంగానే నచ్చింది. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నమూనా కోసం ఒక పత్రం కూడా ఇచ్చారు.

మా కమిటీ చైర్మన్ ఒక తల్లి. కొండవాలులో చోళ్ళూ పసుపూ పండించేది. బడి మొహం చూడలేదు. ఆమె రెండో కూతురు నా దగ్గర నాలుగో తరగతి. మీటింగు రోజు తల్లులూ తండ్రులూ పదిహేనుమంది దాకా వరండాలో కూర్చున్నారు. పిల్లలకు ఏం రావాలనుకుంటున్నారో చెప్పమన్నాను. అందరూ చైర్మన్ వైపు చూశారు. చివరికి ఆమే అంది.

"ఆస్పత్రోల్లు ఇచ్చిన సీటీ మా గుంట సదవాల. పోయినేడు నా పెనిమిటికి జొరమొచ్చినప్పుడు ఏ మాత్ర పొద్దుట ఎయ్యాలో, ఏది మాపటికో తెల్లేదు. స్టేషనుకి దిగి అక్కడోల్ల సేత సదివించుకొచ్చినాను."

"అలాగే," అన్నాను. అని, నమూనా పత్రంలో ఉన్న వాక్యమే ఎక్కించాను: మార్చి నెలాఖరుకు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరూ ధారాళంగా చదువుతారు. ఆమె చెప్పింది ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. ఆ పత్రంలో దానికి గడి లేదు.

చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అందరూ అంటే అందరూనా?" అంది.

"అందరూనే."

"రాకపోతే ఎవులు పూచీ?"

"నేనే," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు గొప్పగా అనిపించింది. ఆమె సిరాపెట్టె మీద వేలు అద్ది, నేను చూపించిన చోట ముద్ర వేసింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక్కొక్కరినీ పిలిచి విడిగా చదివించాను. పెద్ద తరగతుల్లో ఐదుగురికి చదవడం రాదని తేలింది. ఇద్దరికి అక్షరాలే సరిగా పట్టుబడలేదు. చైర్మన్ కూతురి సంగతి వేరు. ఆ పిల్ల పాఠం తడుముకోకుండా చెప్పేది. అనుమానం వచ్చి పుస్తకం తిప్పి వేరే పేజీ పెట్టాను. అప్పుడూ మొదటి పాఠమే చెప్పింది, వేలితో వరసలు చూపిస్తూ మరీ. రెండేళ్ళుగా నా ఎదుటే అలా చదువుతోంది. నేను మెచ్చుకుంటూనే ఉన్నాను.

వాళ్ళమ్మకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంకా రెండు నెలలుంది కదా అనుకున్నాను. ఆ రెండు నెలల్లో ఒక నెల సర్వేలకీ, పల్స్ పోలియోకీ, మండలాఫీసు రిపోర్టులకీ పోయింది. మిగిలిన నెలలో ఐదుగురినీ ఎదురుగా కూర్చోబెట్టి కసురుకున్నాను. కసిరితే వచ్చిన నాలుగు అక్షరాలూ మరిచిపోయేవాళ్ళు.

మార్చిలో జిల్లా నుంచి బృందం వస్తుందని కబురొచ్చింది. పిల్లల చేత వాళ్ళే చదివించి చూస్తారట. కబురు చెప్పిన అధికారి మామూలుగా ఒక మాట కలిపాడు. "ఆ రోజు బడికొచ్చిన వాళ్ళను బట్టే ఫలితం రాస్తారమ్మా." అందులో ఆయన ఉద్దేశం ఏమీ లేకపోవచ్చు. ఉద్దేశం నాకు పుట్టింది.

అదే వారం మా ఆయన వచ్చాడు. బృందం వచ్చే రోజున ఆ ఐదుగురినీ బొర్రా గుహలు చూపించి తీసుకురమ్మని అడిగాను.

"ఐదుగురేనా? మిగతా పిల్లలో?"

"వీళ్ళనే," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తరవాత సరేనన్నాడు. ఆ ఇళ్ళకు వెళ్ళి, బృందం మాట ఎత్తకుండా విహారయాత్ర అని చెప్పి వచ్చాను. తల్లులు పిల్లలకు తలంటి, ఉన్నంతలో మంచి బట్టలు వేసి పంపారు. ఆ పక్కనే పుట్టి కూడా వాళ్ళెవరూ గుహల లోపలికి వెళ్ళలేదు. చైర్మన్ కూతురు రెండు జడలకూ అడవిపూలు పెట్టుకొచ్చింది. రైలు కనబడకముందే స్టేషనులో చేతులూపడం మొదలుపెట్టారట.

బృందం పదిన్నరకు వచ్చింది. ఉన్న పిల్లలు చక్కగా చదివారు. రానివాళ్ళ గురించి అడిగితే ఊళ్ళో జ్వరాలు అన్నాను. వాళ్ళు రాసుకున్నారు. వెళ్ళేముందు వాళ్ళలో పెద్దాయన, "ఒక్కరే ఉండి ఇంత చేశారంటే గొప్పే," అన్నాడు. నేను చేతులు జోడించాను.

సాయంత్రం రైల్లో పిల్లలు తిరిగొచ్చారు. గోడల మీద నీళ్ళు ఎలా కారుతున్నాయో, గబ్బిలాలు ఎన్ని ఉన్నాయో ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళాక మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు.

"జడల్లో పూలు పెట్టుకున్న పిల్ల రైల్లో నన్నో మాట అడిగింది. మిగిలినోల్లు ఏటి తప్పు సేసినారు, వోల్లని ఏల తేలేదు, అని."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? కిటికీలోంచి సొరంగం చూపించాను."

మర్నాడు ఆయన వెళ్ళిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడి తేలికపడేదాన్నేమో.

ఏప్రిల్లో మళ్ళీ కమిటీ కూర్చుంది. ఏడాది లక్ష్యం నెరవేరిందని చదివి వినిపించాల్సిన మీటింగు. లక్ష్యం చేరిన బడి అని మండలం నుంచి వచ్చిన కాగితాన్ని కూడా చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. చైర్మన్ ముందుకు వంగి అడిగింది.

"మా గుంట కూడా ఆ పెద్దోల్ల కాడ సదివిందా, టీచరమ్మా?"

అబద్ధం ఆడాలని ముందుగా అనుకోలేదు. నోట్లోంచి "చదివింది" అని వచ్చేసింది.

ఆ పిల్ల గుమ్మం దగ్గర చెల్లెలిని చంకనేసుకుని నిలబడి ఉంది. నా మీద ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, పెద్దవాళ్ళు ఏదో మరిచిపోతే గుర్తు చేస్తున్నట్టు చెప్పింది. "ఆ దినం నాను బొర్రా ఎల్లినాను కదేటమ్మా. సదవడం రానోల్లం ఐదుగురం ఎల్లినాం."

అంటే ఆ పిల్లకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో నేను ఇప్పటికీ ఊహించలేను.

తల్లి కూతురి వైపు చూసింది, తరవాత నా వైపు. కేకలేస్తుందనుకున్నాను. నా చేతిలో ఉన్న లక్ష్యాల పత్రం చూపించి మెల్లిగా అడిగింది.

"ఇందల నా ఏలిముద్ర ఉందా?"

"ఉంది."

"తీసీ."

తీయడానికి వీలవదని చెప్పాల్సి వచ్చింది. నా దగ్గరున్నది నకలు, ముద్ర వేసిన అసలు ప్రతి ఎప్పుడో మండలాఫీసుకు చేరిపోయింది. ఆమె లేచి, చిన్నపిల్లను ఎత్తుకుని దిగువకు వెళ్ళిపోయింది. వెనకే ఒక్కొక్కరూ లేచారు. సిరాపెట్టె మూత పెట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మర్నాడు మండలాఫీసుకు వెళ్ళి జరిగింది చెప్పాను. అధికారి తలుపు దగ్గరికి వేసి, "పై వాళ్ళకు పంపేశాం. ఇప్పుడు కదిపితే మీకూ నాకూ ఇబ్బంది. వచ్చే ఏడు సరిచేసుకోండి," అన్నాడు. నేను రాసిచ్చిన ఉత్తరాన్ని తీసుకున్నాడు గానీ, అది ఎక్కడికి పోయిందో తెలియదు. జూన్లో, వెనకబడిన బళ్ళకు తోడుగా ఒక్కో విద్యా వాలంటీరును ఇచ్చారు. మా బడి వెనకబడలేదు కదా. మా వాటా వాలంటీరు పక్క ఊరికి వెళ్ళింది. రెండో మనిషి ఉంటే ఆ ఐదుగురికీ ఏం జరిగేదో ఇప్పుడు అనుకుని లాభం లేదు.

ఆ వేసవి నేను మా ఊరు వెళ్ళలేదు. ఐదుగురి ఇళ్ళకూ వెళ్ళి, పొద్దున్నే పంపమని బతిమాలుకున్నాను. ముగ్గురు వచ్చారు. ఒకడిని మేనమామ గూడెం కొత్తవీధి వైపు తీసుకుపోయాడు, మళ్ళీ చూడలేదు. ఇంకొకడు రెండు రోజులొచ్చి మానేశాడు. చైర్మన్ కూతురు నాలుగో రోజున వచ్చింది, ఆమె తల్లి పంపిందో, తనే వచ్చిందో అడగలేదు. ఈసారి పుస్తకం పక్కన పెట్టాను. వాళ్ళ భాషలో మాటలు ఆ పిల్లనే చెప్పమని, వాటినే నేల మీద సుద్దతో తెలుగు అక్షరాల్లో రాయించాను. తను అన్న మాట నేల మీద కనబడేసరికి ఆశ్చర్యపోయేది. ఈ పని మూడేళ్ళ ముందే చేసి ఉండొచ్చు. దానికి ఏ శిక్షణా అక్కర్లేదు. వానలు పడేనాటికి ఆ పిల్ల కూడబలుక్కుని చదవసాగింది.

తరవాతి ఏడాది మీటింగుకు తల్లి వచ్చింది. నేను పత్రం చదవబోతే ఆపి, ముందు పిల్లల్ని పిలవమంది. ఒక్కొక్కరినీ వరండా మధ్యలో నిలబెట్టి, పచారీ సామాను చుట్టివచ్చిన పాత పేపరు ముక్కలు చేతికిచ్చింది. తనకు చదవడం రాదు. అయినా పిల్లల మొహాలు చూస్తూ కూర్చుంది. ఎవరు తడబడినా పట్టుకునేది.

ఇద్దరికి రాలేదు. అందరి ఎదుట నేనే ఆ ఇద్దరి పేర్లూ చదవాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకడి తండ్రి నాకు ఎదురుగానే కూర్చున్నాడు. నేను తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడేటి సేత్తావు?" అని అడిగాడు, కోపం లేకుండా.

చేయబోయేది చెప్పాను, రోజుకు ఎంతసేపు, ఏ పూట, ఎన్ని నెలలు. ఆయన మధ్యలో రెండుసార్లు ఆపి, అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకున్నాడు. నేను మళ్ళీ చెప్పాను.