నర్సు హనుమంతు, గొర్రెల నారాయణప్ప

కుప్పంలో ఒక పెద్ద ఆస్పత్రి ఉంది. దాని క్యాజువాల్టీలో హనుమంతును ఎరగనివాళ్లు లేరు. ఒంట్లో నీరంతా పోయిన ముసలివాళ్లకో, నెలల పసికందులకో నరం దొరక్కపోతే డాక్టర్లే "హనుమంతును పిలవండి" అంటారు. అతను వచ్చి, మోచేతి దగ్గర రెండు వేళ్లతో నొక్కి చూసి, రోగిని ఏ ఊరని అడుగుతూ, ఆ ఊళ్లో వానల సంగతి మాట్లాడుతూనే సూది దించేస్తాడు. గుచ్చిన సంగతి రోగికి కబుర్లు అయ్యాకే తెలుస్తుంది. ముప్పై తొమ్మిదేళ్ల వయసు, పదిహేడేళ్ల సర్వీసు. తన పని మీద అతనికి ఏనాడూ అనుమానం రాలేదు.

వచ్చిన అనుమానమంతా అతని తండ్రి నారాయణప్పకే.

నారాయణప్పది పుంగనూరుకు ఏడెనిమిది కిలోమీటర్ల అవతల ఒక పల్లె. ఒకప్పుడు మందలో నూటయాభై జీవాలుండేవి. గుట్టంతా తిప్పి మేపేవాడు. సంతలో ఆయన చెయ్యి వేసి చూసి చెప్పాక పొట్టేలు మంచిదో కాదో ఇంకెవరూ వాదించేవాళ్లు కాదు. కొడుకు ఇంటర్ పాసయ్యాక పోలీసు అవుతాడని ఊరంతా చెప్పుకున్నాడు. హనుమంతుకు ఒడ్డూ పొడుగూ ఉన్నాయి, ఖాకీ బట్టలు బాగా నప్పేవే. కానీ అతను మదనపల్లెలో నర్సింగు సీటు వచ్చిందని చేరిపోయాడు. "అది గూడా డాక్టరు సదువులో ఒక మెట్టేనంట" అని మల్లమ్మ భర్తకు సర్దిచెప్పింది. ఆమె నిజంగానే అలా నమ్మింది.

రెండో సంవత్సరంలో నారాయణప్ప రాగిపిండీ, వేయించిన చెనిక్కాయలూ సంచిలో వేసుకుని హాస్టలుకు వెళ్లాడు. పిల్లవాడు వార్డులో ఉన్నాడంటే అక్కడికే నడిచాడు. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. ఎవరో మంచం మీద పడుకుని ఉన్నారు. తన కొడుకు ఆ మనిషి నడుము ఎత్తి, కింద నుంచి బెడ్‌పాన్ తీసి, గుడ్డ కప్పి, బాత్రూము వైపు మోసుకుపోతున్నాడు. నారాయణప్ప పిలవలేదు. వెనక్కి వచ్చి సంచి వాచ్‌మన్ చేతిలో పెట్టి, దొరికిన బస్సెక్కాడు.

"మీ నాయిన వార్డు కాడికి గూడా పోయినాడే, కనపల్లేదా?" అని వాచ్‌మన్ సాయంత్రం అడిగాడు. హనుమంతుకు అర్థమైంది. ఆ సంచి పట్టుకుని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

అప్పట్నుంచి తండ్రీకొడుకుల మధ్య "తిన్యావా", "వస్తా" తప్ప మాటల్లేవు. ఊళ్లో ఎవరైనా అడిగితే "ఆస్పత్రిలో కంప్యూటరు పని" అని నారాయణప్ప చెప్పేవాడు. హనుమంతు పెళ్లి భోజనాల్లో నిమ్మనపల్లె చుట్టం ఒకాయనకూ అదే చెప్పాడు. పక్క ఆకు ముందు కూర్చున్న పెళ్లికొడుకు విన్నాడు.

"కాదు చిన్నాయనా, నేను నర్సును. ఇదిగో పెండ్లికూతురు, మా అశ్విని, నేను చేసే ఆస్పత్రి ల్యాబులోనే చేస్తాది. నమ్మకపోతే ఆమెనడుగు."

"మగోడు నర్సేందప్పా!" అని చుట్టం పెద్దగా నవ్వాడు. నారాయణప్ప ఆకు ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. తర్వాత పదకొండేళ్లు కుప్పంలో అడుగు పెట్టలేదు. మనవరాలు పుట్టినప్పుడు కూడా మల్లమ్మ ఒక్కతే వచ్చింది.

పోయిన ఏడాది వానాకాలంలో మల్లమ్మ ఫోన్ చేసింది. "మీ నాయిన కండ్లు పచ్చంగా అయినాయిరా. పసరు తాగించినాము. తగ్గలే. అన్నం సూస్తేనే మొగం తిప్పుకుంటాండాడు."

హనుమంతు ఆ రోజే కారు మాట్లాడుకుని వచ్చాడు. తండ్రిని మదనపల్లెలో స్కానింగు చేయించి, అక్కణ్నుంచి తను పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్లాడు. పొట్ట లోపల, కాలేయం పక్కన గడ్డ. క్యాన్సరు. అప్పటికే పాకిపోయింది. కామెర్లు తగ్గడానికి లోపల చిన్న గొట్టం పెట్టారు. అంతకు మించి చెయ్యడానికి ఏమీ లేదన్నారు.

బంధువులంతా ముసలాయనకు చెప్పవద్దన్నారు. హనుమంతు వినలేదు. ఇలాంటి మాట ఎన్నో ఇళ్లవాళ్లకు చెప్పినవాడు, దాచిపెడితే ఎలా ఉంటుందో కూడా చూసినవాడు. స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నాయినా, నీకు వచ్చింది తగ్గే జబ్బు కాదు."

నారాయణప్ప కాసేపు పైన తిరిగే ఫ్యాను చూశాడు. "ఎన్ని దినాలు?"

"రెండు నెలలు. కొంచెం అటో ఇటో."

"డాక్టరు సెప్పలేదే."

"నేను సెప్తాండా గదా."

"సరే. ఇంటికి తోలుకపో."

ఇరవై ఏళ్లలో వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

హనుమంతు రెండు నెలలు సెలవు పెట్టాడు. నొప్పి మాత్రలు, గాజుగుడ్డలు, గాలి పరుపు, అన్నీ కారులో వేసుకుని తండ్రిని పల్లెకు తెచ్చాడు. వసారాలో, బయట దారి కనిపించేచోట మంచం వేశాడు. మాత్రలు ఏ గంటకు ఏది వెయ్యాలో గోడకు రాసి అంటించాడు. తండ్రి మాత్రలు మింగాడు, సూది వేయించుకున్నాడు. కానీ ఒళ్లు తుడవబోతే చెయ్యి విదిలించాడు.

"నీ సేత కడిగించుకునేదానికన్నా ఈ పొద్దే సావడం మేలు. మీయమ్మను పిలువు."

మల్లమ్మకు మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. అయినా నాలుగు రోజులు ఆమే చేసింది. ఐదో రోజు ఆయనను పక్కకు ఒత్తిగిలించబోయి, బరువు ఆగక మంచం కోడు మీద పడింది. మణికట్టు వాచిపోయింది. హనుమంతు తల్లి చేతికి కట్టు కట్టి, ఆమెను లోపల కూర్చోబెట్టి వచ్చాడు. బేసిన్లో వేడినీళ్లు పోసుకుని, గ్లౌజులు తొడుక్కున్నాడు. కొడుకుగా అడిగితే ఈ మనిషి ఒప్పుకోడని అతనికి తెలుసు. అందుకే అడగలేదు. వార్డులో మాట్లాడే గొంతుతో మాట్లాడాడు.

"పెద్దాయనా, ఇప్పుడు నిన్ను ఎడమపక్కకు తిప్పుతాండా. మోకాలు మడుసు. సెయ్యి నా భుజం మీద ఎయ్యి. అంతే."

నారాయణప్ప బిత్తరపోయాడు. ఆ గొంతు ఎప్పుడూ విన్నది కాదు. తెలియకుండానే మోకాలు మడిచాడు. పని పది నిమిషాల్లో అయిపోయింది. పంచె మార్చి, దుప్పటి కప్పి, హనుమంతు బేసిను తీసుకుని వెళ్లిపోయాడు. ముసలాయన మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కానీ ఆ మూడు రోజులూ, చెప్పినప్పుడల్లా మోకాలు మడిచాడు.

నాలుగో రోజు నడుము కింద పుండు లేచింది. హనుమంతు దాన్ని శుభ్రం చేస్తుంటే గోడవైపు నుంచి గొంతు వినిపించింది.

"అంచు కాడ్నుంచి నడిమికి తుడస్తాండావు. తప్పు. లోపల్నుంచి బయటికి తుడవల్ల."

హనుమంతు ఆగాడు. నిజమే, కునుకు లేక చెయ్యి తప్పింది. "అవును," అని కొత్త గాజుగుడ్డ తీసుకున్నాడు.

"జీవాలకు పురుగు పడినబ్బుడు ఎన్నిసార్లు సూపిచ్చినాను నీకు!"

"సూపిచ్చినావు. కాలు పట్టుకోమని, కండ్లు మూసుకోవాకని తిడతాంటివి. మా కాలేజీలో పుండు సూసి కండ్లు తిరక్కుండా నిలబడినోన్ని నేనొక్కన్నే."

 నారాయణప్ప కట్టు వేసేదాకా కదలకుండా ఉన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగాడు.

"మదనపల్లెలో ఆ పొద్దు నువ్వు ఎత్తినావే, ఆ మనిషి ఎవురు?"

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. ఏ పొద్దో, ఏ మనిషో హనుమంతు అడగలేదు.

"లారీ డ్రైవరు. గుర్రంకొండ కాడ బోల్తా పడింది. రెండు కాళ్లూ ఇరిగినాయి."

"బతికినాడా?"

"బతికినాడు. మళ్లీ లారీ ఎక్కినాడు. పెండ్లి పత్రిక గూడా పంపిచ్చినాడు నాకు."

"ఊఁ," అన్నాడు నారాయణప్ప. ఆ తర్వాత కళ్లు మూసుకున్నాడు. తప్పయిందని అనలేదు. హనుమంతు కూడా ఆ మాట కోసం చూడలేదు. గేటు దగ్గర సంచితో నిలబడ్డ సాయంత్రం గుర్తొచ్చి మాత్రం ఒళ్లు మండింది. బేసిను ఎత్తుకుని పెరట్లోకి పోయి, నీళ్లు పారబోసి, మొహం కడుక్కుని వచ్చాడు. అప్పటికి రాగి జావ వేళ అయింది. చెంచాతో తాగించాడు. ముసలాయన ఆ రోజు సగం గిన్నె తాగాడు.

వారం తర్వాత ఎదురింటి రామప్ప పలకరించడానికి వచ్చి మంచం దగ్గర కూర్చున్నాడు. షుగరు మనిషి. కాలి బొటనవేలికి పాతగుడ్డ చుట్టి ఉంది, వాసన వస్తోంది. నారాయణప్ప ముక్కు చిట్లించాడు.

"ఏందప్పా ఆ కాలు? మావోనికి సూపియ్యి. వాడు నర్సు."

లోపల మాత్రలు సర్దుతున్న హనుమంతు చెయ్యి ఆగిపోయింది. వంటింట్లోంచి మల్లమ్మ తొంగి చూసింది. నారాయణప్ప మాత్రం ఎప్పుడూ అనే మాటే అన్నట్టు రామప్ప కాలినే చూస్తున్నాడు.

హనుమంతు గుడ్డ విప్పి పుండు కడిగాడు. చెడిన చర్మం తీసేశాడు. "ఇంగ పది దినాలు ఆలీసమైతే వేలు తీయాల్సి వచ్చేది. రేపు పుంగనూరు ఆస్పత్రికి పోయి సూపిచ్చుకో. కట్టు మాత్రం దినామూ ఈడికొచ్చి మార్పిచ్చుకో" అన్నాడు. మరునాడు రామప్ప భార్య కూడా వచ్చింది. ఆ తర్వాత బీపీ చూపించుకునేవాళ్లు, పిల్లల జ్వరాలవాళ్లు, కొడవలి తెగినవాళ్లు. పొద్దున్నే వసారా ముందు నలుగురైదుగురు కూర్చునేవాళ్లు. నారాయణప్ప తలకింద రెండు దిండ్లు పెట్టించుకుని మంచం మీద నుంచే అందరినీ అదిలించేవాడు.

"వరసలో రాండప్పా, ఇది సంత కాదు. బిడ్డతల్లి ముందు రా. ఏమ్మే, నిన్న మాత్రలు ఏసుకున్యావా లేదా? వాడు అడిగితే అబద్దం సెప్పవాకు, వానికి తెలిసిపోతాది."

ఆదివారం బిడ్డను తీసుకుని వచ్చిన అశ్విని ఇదంతా చూసి నవ్వాపుకోలేకపోయింది. "మీ నాయిన్ను మా ఆస్పత్రిలో టోకెన్ల కాడ పెడితే సాలు, గలాటా ఉండదు" అంది. నారాయణప్ప విన్నాడు. "జీతమెంత?" అన్నాడు. మనవరాలు ఆయన మంచం మీదే కూర్చుని ఎవరు ముందు వచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టింది.

అంతా తియ్యగా సాగలేదు. నొప్పి ఎక్కువైన రోజుల్లో ముసలాయన నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మందను అమ్మెయ్యాల్సి వచ్చింది నీవల్లేనని, ఇంటిపట్టున ఉండి మందను చూసుకునే కొడుకు ఉంటే తనకీ గతి పట్టేది కాదని అనేవాడు. హనుమంతు ఒకసారి ఊరుకోలేదు. "పదకొండేండ్లు నువ్వు మా ఇంటికి రాలేదు నాయినా. నా బిడ్డను నువ్వు ఎత్తుకోలేదు. అది నావల్ల కాదు" అన్నాడు. ముసలాయన దుప్పటి ముసుగు వేసుకున్నాడు. అయినా రెండు గంటలయ్యాక మాత్రకు నోరు తెరిచాడు.

యాభై మూడో రోజు పొద్దున తొమ్మిది గంటలప్పుడు ఊపిరి మారింది. హనుమంతుకు ఆ మార్పు తెలుసు. వసారా ముందున్నవాళ్లను ఈ పూటకు పొమ్మన్నాడు. తల్లిని పిలిచి తల దగ్గర కూర్చోబెట్టాడు. తను మంచం పక్కన కూర్చుని నాడి పట్టుకున్నాడు. నారాయణప్ప ఒకసారి కళ్లు తెరిచి, "నొప్పి లేదురా" అన్నాడు. అదే ఆఖరి మాట. పావుగంట తర్వాత కొడుకు వేళ్ల కింద నాడి ఆగింది. హనుమంతు ఇంకో నిమిషం పట్టుకునే ఉండి, చెయ్యి నెమ్మదిగా గుండె మీద పెట్టాడు. అప్పుడు ఏడ్చాడు. మల్లమ్మ అతని తల నిమిరింది.

స్నానం చేయించడానికి పెద్దలు ముందుకొస్తే, "మీరు నీళ్లు పొయ్యండి సాలు, మిగతాది నేను సేస్తా" అన్నాడు. ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ పట్టాలో అతనే చెప్పాడు. వయసులో పెద్దవాళ్లు కూడా అతను చెప్పినట్టే పట్టుకున్నారు.

పదకొండో రోజు కార్యాలు అయ్యాక మల్లమ్మ తనంతట తనే కుప్పం వస్తానంది. "ఆ ఊరి నీళ్లు నాకు పడవు. అయినా పద. నీ బిడ్డకు సంగటి కలిపేది ఎవురూ నేర్పలేదంట" అంది.

సోమవారం హనుమంతు డ్యూటీలో చేరాడు. ఇంకో వారం సెలవు కావాలా అని హెడ్ నర్సు అడిగింది. అక్కర్లేదన్నాడు. అప్పుడే పలమనేరు దారిలో ఆటో తిరగబడిందని ఫోనొచ్చింది. ఆరుగురిని దించారు. అందులో ఒక ముసలమ్మకు నరం దొరకడం లేదు. హనుమంతు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏ ఊరమ్మా మీది? వానలు పడినాయా?"