పెదజాలారిపేట తాబేలు కన్ను

మా మధురవాడ అపార్ట్‌మెంటుకు చేపలు తెచ్చే నరసమ్మ మొన్న బుట్ట దించుతూ, "మా కొత్త పడవమీద తాబేలు బొమ్మేయించాం. అది మా పేటనే సూత్తందమ్మా. మా ఆయన ఏటకెల్లనంటన్నాడు. రేపు గీకించెత్తన్నాం," అంది. బొమ్మ పోకముందే ఒకసారి చూడాలనిపించి మర్నాడు తెల్లారకుండానే బయల్దేరాను.

మద్దిలపాలెం దాకా సిటీ బస్సు, అక్కణ్నుంచి ఆటోకు నూట ఇరవై. ఆరున్నరకల్లా పెదజాలారిపేట ఒడ్డున ఉన్నాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే అలల చప్పుడే తప్ప సముద్రం కనిపించలేదు. ఎక్కడో ఓడ ఒకటి కూత పెట్టి ఊరుకుంది. ఇసుకమీద ఊరివైపు తిరిగి ఉన్న పడవను చూసి రెండు కుక్కలు ఆగకుండా మొరుగుతున్నాయి. దానిమీది తాబేలుకు పచ్చటి డిప్ప, ఎర్రంచు గళ్లు, చాచిన కాళ్లు అన్నీ ముద్దుగానే ఉన్నాయి. కన్ను మాత్రం బొమ్మ కన్నులా లేదు. నేను ఎటు జరిగితే అటే చూసింది. మంచుకు తడిసి మెరుస్తోంది కూడా. నాకు భయమేసింది. వెనుదిరిగి నడుస్తుంటే దాని చూపు వీపుమీద తెలుస్తూనే ఉంది.

"పడవని నీల్లకేసి తిప్పి, కన్ను ఆకరుకి ఎయ్యాలి. ఈయన నేలకేసి ఉండగానే ఎట్టేసాడు. నేలని సూసిన పడవ నన్ను ఏటకెలాగ తీసుకెల్తాది?" అన్నాడు ఎదురొచ్చిన నరసమ్మ భర్త ఎల్లాజీ. గీకడానికి ఇనుప రేకు చేతిలోనే ఉంది. పక్కనే ఉన్న, బొమ్మ వేసిన కరీం పాతనగరంలో దుకాణాల బోర్డులు రాసే మనిషి. పడవకు కన్ను వేయడం ఇదే మొదలు. బోర్డు ఎప్పుడూ జనంవైపే చూడాలి కదా, అలవాటుకొద్దీ వేసేశాడు.

"గీకకు బావా. దాన్ని పడుకోబెట్టి మళ్లీ లేపుతాను," అన్నాడు కరీం.

ఆకుపచ్చ రంగుతో రెప్ప దించాడు. కుక్కలు మొరగడం మానేశాయి. రంగు ఆరాక అందరూ కలిసి పడవను తిప్పారు. నేను ఫొటో కోసం ముందుకు వెళ్తే నరసమ్మ చెయ్యి పట్టి లాగింది.

"అడ్డుండకమ్మా. ముందు నిన్ను సూసిందంటే మల్లీ మొదటికొత్తాది."

కరీం రెప్పమీద తెలుపు వేసి, మధ్యలో నల్లచుక్క పెట్టాడు. అప్పటికి మంచు పలచబడి నీళ్లు కనిపిస్తున్నాయి. అదే కన్ను. కానీ ఇప్పుడు అందులో చాన్నాళ్లకు సొంతవాళ్లను చూసినప్పటి సంతోషం ఉంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎల్లాజీ రేకు ఇసుకలో పడేసి పడవకు భుజం పెట్టాడు.

వెళ్లేవాళ్లు ఉదయం ఎనిమిదిలోపే వెళ్లండి. ఒడ్డున కొత్త పడవ కనిపిస్తే, ఫొటో తీసేముందు దానికీ నీళ్లకీ మధ్య మీరు లేరని చూసుకోండి. తిరుగు బస్సులో నా వీపుమీద ఆ చూపు లేదు. పొద్దున అంత భయపడ్డదాన్ని, మధురవాడ చేరేదాకా దానికోసమే వెనక్కి చూస్తూ కూర్చున్నాను.