వెనుక మెట్టు మీద మనిషి

నా పదవీ విరమణకు ఇంకా పద్నాలుగు నెలలుండగా, ఏప్రిల్ మొదటి వారంలో, యూనివర్సిటీ నుంచి నా పేరున ఒక ఆఫీసు ఆర్డరు వచ్చింది. ఫొటో సెక్షన్‌లో ఉన్న పాత నెగెటివ్‌లన్నీ స్కాన్ చేసి కేటలాగు తయారు చేయాలి. సహాయానికి కంప్యూటర్ ఆపరేటర్ స్వప్నను ఇచ్చారు. అప్పటికి మా డార్క్‌రూమ్‌ తలుపు మీద బోర్డు మాత్రమే మిగిలింది. లోపల పాత జవాబు పత్రాల కట్టలు పేర్చారు.

నేను చేరినప్పుడు నా హోదా ఫొటోగ్రాఫర్-కమ్-ఆర్టిస్ట్. ఆ ‘ఆర్టిస్ట్’ ఎందుకో ఇప్పటివాళ్లకు తెలియదు. ఫొటో తీయడం సగం పని, నెగెటివ్‌ను దిద్దడం మిగతా సగం. ముఖం మీద మచ్చలుంటే సన్నటి పెన్సిలుతో సరిచేసేవాళ్లం. గ్రూప్ ఫొటో వెనకాల గోడలు, కిటికీలు అడ్డంగా ఉంటే నెగెటివ్ మీద ఆ భాగమంతా ఒక ఎర్ర రంగు పూసేవాళ్లం. ఆ రంగులోంచి వెలుతురు దాటదు కాబట్టి ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. ఈ పనిలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో క్యాంపస్‌లో లేడని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

నాకు పని నేర్పింది కాచిగూడలో స్టూడియో నడిపిన ఉస్తాద్. గాజు పలకల కాలం నాటివాడు. లెన్సు మూత తీసి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. అంతే, ఫొటో అయిపోయేది. “బేటా, రంగు మెరిసే దిక్కే ఎయ్యాలె, బొమ్మ దిక్కు ముట్టద్దు” అని రోజూ చెప్పేవాడు. నెగెటివ్‌కు ఒకవైపు నున్నగా మెరుస్తుంది. రెండోవైపు మెరవదు. బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఉండేది అటే. మెరిసేవైపు వేసిన రంగు తడి దూదితో తుడిస్తే పోతుంది. పొర మీద వేస్తే దాన్ని తీయడం పాము పడగ మీద చెయ్యి పెట్టడమే.

పని మొదలైన రెండో వారంలో యాదమ్మ వచ్చింది. మా భవనంలో ఊడ్చే మనిషి, లాలాగూడ నుంచి వస్తుంది. ఆమె భర్త మల్లేశం ఒక డిపార్ట్‌మెంటులో అటెండరుగా చేసి, అంతకుముందు ఏడాది చనిపోయాడు. సంవత్సరీకం దగ్గర పడింది. గోడకు పెట్టుకోవడానికి ఫొటో లేదు. ఉన్నదల్లా ఐడీ కార్డు ఫొటో, అందులోనూ సగం ముఖం మీద ఆఫీసు ముద్ర పడింది.

“సారోళ్ల ఎన్క మెట్టు మీద నిలవడ్డ అని చెప్పెటోడు సార్. ఫొటో వచ్చినంక చూస్తె ఆయన లేడు. ఫొటో గుంజినాయనకు పని రాదని మస్తు తిట్టిండు. గా ఫొటో ఏమన్న దొర్కుతదా?” అని అడిగింది.

ఆ డిపార్ట్‌మెంటు గ్రూప్ ఫొటోలన్నీ తీసింది నేనే. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పని రాదన్న మాట మాత్రం సూదిలా గుచ్చుకుంది. ఏ సంవత్సరమో కనుక్కుని పది నిమిషాల్లో కవరు తీశాను. లైట్ టేబుల్ మీద పెట్టగానే విషయం అర్థమైంది. రెండు వరుసల్లో అధ్యాపకులు, విద్యార్థులు. వాళ్ల వెనుక అంతా ఎర్ర రంగు. భుజాల వెంట, తలల మధ్య వెంట్రుకవాసి తేడా లేకుండా గీసిన అంచు. నా చేతిపనిని నేను గుర్తుపట్టలేనా?

అప్పట్లో పద్ధతి ఒకటుండేది. ఫొటో తీసేముందు డిపార్ట్‌మెంటు హెడ్ ఒక జాబితా పంపేవారు. ప్రింటు కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాయడానికి అది కావాలి. జాబితాలో ఉన్నవాడు మనిషి, లేనివాడు గోడతో సమానం. కుర్చీలు మోసుకొచ్చి వేసింది మల్లేశమే అయినా జాబితాలో అతని పేరు లేదు. తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇక అసలు చిక్కు. విశాలమైన భాగమంతా ఉస్తాద్ చెప్పినట్టే మెరిసేవైపు పూశాను. కానీ అంచులు పదునుగా రావాలంటే పొర మీదే గీయాలి. ఆ మోజులో తలల మధ్య సందుల్లో ఉస్తాద్ మాట దాటాను. మెరిసేవైపు నుంచి ఏటవాలుగా వంచి చూస్తే రంగు కింద లీలగా తెలుస్తోంది, మల్లేశం ముఖం సరిగ్గా ఇద్దరు ప్రొఫెసర్ల తలల మధ్య పడింది. శనగగింజంత చోటు. తడిస్తే జెలటిన్ ఉబ్బుతుంది, వేడి తగిలితే కరుగుతుంది. ముసలి పొర లేచిపోతే దాంతోపాటు ముఖం కూడా పోతుంది. మరో కాపీ ఎక్కడా లేదు.

స్వప్న మంచి పిల్ల, సాయం చేద్దామనే చూసింది. ఐడీ కార్డు ఫొటోను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, ముద్ర తీసేసి, చిరునవ్వు కూడా చేర్చి చూపించింది. యాదమ్మ చాలాసేపు చూసి, “మంచిగనే ఉన్నడు బిడ్డా, గని మా ఆయన గాదు” అంది.

నెగెటివ్ కడిగితే ఏం జరగవచ్చో ఆమెకు దాచకుండా చెప్పాను. “ఇప్పుడు సుత కనవడ్తలేడు గద సార్. ఇంకేం పోతది?” అంది.

మర్నాడు పొద్దున్నే తార్నాకలో బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్, చౌరస్తా సోడా బండి దగ్గర ఐసు తీసుకుని వెళ్లాను. నెగెటివ్‌ను ఉన్నదున్నట్టు ముందే స్కాన్ చేయించాను. ఐసు నింపిన పెద్ద ట్రేలో నీళ్ల ట్రే పెట్టి, థర్మామీటరు పద్దెనిమిది డిగ్రీలు చూపాక మొదట మెరిసేవైపు తుడిచాను. తర్వాత నెగెటివ్‌ను తిప్పి, ఒక మూల మెట్ల భాగంలో పొరను పరీక్షించాను. నిలిచింది. అప్పుడు ముఖం దగ్గరికి వచ్చాను. దూదిని పుల్లకు చుట్టి, రుద్దకుండా, తడిపి అద్దడమే. దూది గులాబీ రంగులోకి మారుతూ వచ్చింది. గంటన్నర పట్టింది. ఎడమ చెవి దగ్గర పొర కొద్దిగా లేవగానే ఆపేశాను. ఆశపడితే ముఖం మొత్తం పోయేది.

ఆరాక స్కాన్ చేశాం. స్వప్న నెగెటివ్‌ను పాజిటివ్‌గా మార్చి పెద్దది చేసింది. నేను అనుకున్నట్టు అటుగా పోతూ ఫొటోలో పడిన మనిషి కాదు మల్లేశం. వెనుక మెట్టు మీద నిటారుగా, చేతులు పక్కకు పెట్టుకుని, నేరుగా లెన్సులోకి చూస్తున్నాడు. ఫొటో దిగడానికే నిలబడ్డాడు.

యాదమ్మ స్క్రీన్ దగ్గరికి జరిగింది. “పై గుండీ సుత పెట్టుకున్నడు సూడుండ్రి. ఎన్నడు పెట్టకపోతుండె” అంది.

నాకు సిగ్గేసింది. ఆ ఫొటో గుంజింది నేనే, రంగు పూసిందీ నేనేనని చెప్పి క్షమించమన్నాను.

“ఎర్కే సార్. మీ పేరు వెట్టే తిట్టెటోడు” అంది, స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

సంవత్సరీకానికి ముందే పన్నెండు బై పది సైజులో ప్రింటు ఇచ్చాను. చెవిని దిద్దలేదు. కేటలాగులో మాత్రం పేర్ల వరుస చివర ‘వెనుక మెట్టు మీద: మల్లేశం, అటెండరు’ అని చేర్చాను. అసిస్టెంట్ రిజిస్ట్రారు పిలిపించి, అసలు ప్రింటు కింద లేని పేరు కేటలాగులో ఎలా ఉంటుందని అడిగారు. ప్రింటుకు కాదు, నెగెటివ్‌కు రాస్తున్నానన్నాను. అయితే కారణం చూపుతూ ఒక నోటు పెట్టి సంతకం చేయమన్నారు.

జాబితాలో ఎవరున్నారో చూసుకోవడం ఆఫీసు పని, లెన్సు ముందు ఎవరు నిలబడ్డారో చూసుకోవడం ఫొటోగ్రాఫరు పని. నేను ఆఫీసు పని బాగా చేశాను. ఒక మనిషిని తీసెయ్యడానికి ఆనాడు నన్నెవరూ సంతకం అడగలేదు. ‘రంగు పూసింది నేనే, ఎవరి ఆదేశమూ లేదు’ అని నోటులో రాసి, కింద సంతకం పెట్టాను.