కాఫీలో చక్కెర లేదన్నందుకు

ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్న ఒక స్త్రీని, ఆమె కాఫీ తాగే తీరును బట్టి, అసలు ఆమె భార్యే కాదని ఒక కార్యాలయం తేల్చింది. తేల్చిన కాగితం నా బల్లమీద ఉంది. రెండు పుటలు. కింద సంతకం లేదు. ఒక అంకె మాత్రం ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఈ ఊరి జనన మరణ వివాహాల రిజిస్టరులో ప్రతి నమోదు కిందా నా పేరు పూర్తిగా రాసి సంతకం చేసినవాణ్ణి నేను. ఒకరి కాపురం మీద తీర్పు రాసి తన పేరు దాచుకునే ఉద్యోగిని ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు.

ఆ స్త్రీ పేరు జుమ్రెతా. వ్ర్బాస్ నది వంతెన దిగగానే ఎడమచేతి వైపు రెండో ఇల్లు ఆమెది. చెప్పుల ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు అందులో పై తోళ్ళు కుట్టింది. అది మూతపడ్డాక ఇంట్లోనే మిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు పొట్టివి చేస్తూ, కోట్లకు అస్తర్లు మారుస్తూ బతుకుతోంది. ఎవరైనా తొందరపెడితే, "అంత తొందరైతే దుప్పటి చుట్టుకుని పడుకో, పొద్దున్నే ఇస్తాను," అంటుంది. మాట పెళుసే గానీ, ఆమె వేసిన కుట్టు ఊడడం నేను చూడలేదు.

భర్త పేరు వింకో. ఊరి బస్సు నడిపేవాడు. అతను క్రైస్తవుడు, క్రొయేషియా మూలాలవాడు కావడంతో ఆ దేశపు పాస్‌పోర్టు కూడా ఉంది; 2013లో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పటి నుంచి అది యూనియన్ పౌరుడి పాస్‌పోర్టు. జుమ్రెతా ముస్లిం, ఆమెకు మన బోస్నియా పాస్‌పోర్టు ఒక్కటే. ఒకే మంచం మీద రెండు రకాల పాస్‌పోర్టులు పడుకోవడం మా ఊళ్ళో వింతేమీ కాదు. బస్సు కంపెనీ దివాలా తీశాక, మూడేళ్ళ కిందట, వింకో ఆ పాస్‌పోర్టు పట్టుకుని ఒక ద్వీపదేశానికి వెళ్ళి కలప కోతమిల్లులో చేరాడు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాసినంత మాత్రాన వాళ్ళకు సిగ్గు కలుగుతుందన్న నమ్మకం నాకు లేదు.

మొన్న మార్చిలో అతని కుడిచెయ్యి యంత్రంలో నలిగిపోయింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. మూడోది నవంబరు పద్నాలుగున. అది జరిగితే వేళ్ళు మళ్ళీ వంగుతాయంటున్నారు. మధ్యలో దేశం విడిచి వస్తే వైద్యం అక్కడితో ఆగిపోతుంది. ఆపరేషను తరువాత ఆరు వారాలు చెయ్యి భుజం దాకా కట్టి ఉంచుతారు. అద్దెగదిలో ఒంటరిగా ఉన్న మనిషి! ఇప్పటికే చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడని తెలిసి, జుమ్రెతా నాలుగు చొక్కాలకు గుండీల కాజాలు మూసేసి, లోపల అంటుకునే పట్టీలు కుట్టింది. పైన మాత్రం గుండీలు ఉన్నచోటనే ఉంచింది, చూసేవాళ్ళకు తెలియకూడదని. వాటిని పంపిన పార్సిలు రసీదు నా దగ్గర ఉంది.

యూరోపియన్ యూనియన్ పౌరుడు మరొక యూనియన్ దేశంలో పనిచేస్తుంటే అతని భార్య అతని దగ్గరికి వెళ్ళవచ్చునని వాళ్ళు రాసుకున్న చట్టమే చెబుతోంది. ఆమె పాస్‌పోర్టు, పెళ్ళి పత్రం, అతను అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు చూపితే చాలు. ఆ పేజీ అచ్చు తీసి పెన్సిలుతో గీత గీసి ఉంచుకున్నాను. ఆ ద్వీపదేశపు వీసా కార్యాలయం మాత్రం ఇరవై తొమ్మిది కాగితాలు అడిగింది. అన్నీ ఇచ్చాము. ఆ తరువాత రాజధాని సరయేవోలో ఒక గాజుకిటికీ ముందు ఆమెను నిలబెట్టి, అదే రోజు అతనికి ఫోను చేసి, ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నలు అడిగారు. దొంగపెళ్ళిళ్ళు పట్టుకునే పద్ధతి అట.

సెప్టెంబరు చివరి బుధవారం జవాబు వచ్చింది. జుమ్రెతా కవరు విప్పకుండానే నన్ను పిలిపించింది. వింకో అక్క కాతా అప్పటికే వంటింట్లో కూర్చుని ఉంది. పొడుగు పిడి ఉన్న రాగి జెజ్వాలో కాఫీ పొంగించి జుమ్రెతా మూడు చిన్న కప్పుల్లో వంచింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను.

"ఏమంటారు బాబాయ్?"

"ఇవ్వం అంటున్నారు."

"ఎందుకట?"

"నీకూ వింకోకీ పెళ్ళి కాలేదట. అంటే అయింది గానీ, కేవలం ఆ దేశంలో అడుగుపెట్టడానికి అల్లిన నాటకమట."

కాతా కప్పు కింద పెట్టింది. "నాటకమా? అన్నయ్యా, ఈ పెళ్ళి ఆపమని ఇరవై ఆరేళ్ళ కిందట నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చానే! అప్పుడు ఎక్కడ చచ్చారు ఈ ఆఫీసర్లు? ఒక్కడు వచ్చి 'ఇది ఉత్తుత్తి పెళ్ళి తల్లీ' అని చెప్పుంటే హాయిగా నిద్రపోయేదాన్ని కదా!"

"వదినా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?" అంది జుమ్రెతా. "కారణం చదవండి బాబాయ్."

చదివాను. భార్యకు కాఫీలో చక్కెర అలవాటు ఉందా అని భర్తను అడిగారు. 'ఉంది, రెండు బిళ్ళలు' అన్నాడు. మీరు కాఫీలో చక్కెర వేసుకుంటారా అని భార్యను అడిగారు. 'వేసుకోను' అంది. ఒకే ఇంట్లో బతికే దంపతులు ఇంత చిన్న విషయంలో పరస్పర విరుద్ధంగా మాట్లాడటం సాధ్యం కాదు కనుక, మతాలు కూడా వేరు కనుక, సంతానం లేదు కనుక, అర్జీ తిరస్కరించడమైనది.

నేను తల ఎత్తేసరికి జుమ్రెతా చేతిలో చక్కెర బిళ్ళ ఉంది. దాని అంచు కాఫీలో ముంచి, కొరికి, ఆ వెనకే ఒక గుటక చేదు కాఫీ తాగుతోంది. ఇది ఒకటో బిళ్ళ. రెండోది పళ్ళెంలో ఉంది. కాఫీలో చక్కెర లేదు. ఉన్నది ఆమె నోట్లో. ఈ ఊళ్ళో కాఫీలో చక్కెర వేసి కలిపే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఇరవై ఆరేళ్ళు కూర్చున్నారు గనుకనే అంత ఖచ్చితంగా చెప్పగలిగారు.

ఆమె కూడా తన చేతివైపు చూసుకుంది. నవ్వలేదు.

"దీనికా?" అంది.

మతాలు వేరు కనుక! ఆ వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది. 1993 మే నెలలో ఈ పెళ్ళి నమోదు చేసినవాణ్ణి నేనే. ఆరు వారాలకు ఊళ్ళో క్రొయేషియన్లూ ముస్లింలూ ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తారు. వింకో మనుషులు ఊరు విడిచి పారిపోవలసి వచ్చినప్పుడు జుమ్రెతా తన పుట్టింట ఉండిపోయి ఉండవచ్చు, అందరూ ఉండమన్నారు. ఆమె వింకో వెంట వెళ్ళింది. ఎనిమిది నెలలు ఒక బడిలో, తలదాచుకున్న నలభై క్రొయేషియన్ కుటుంబాల మధ్య ఒక్కతే ముస్లిం. ముస్లింలను వెతుకుతూ క్రొయేషియన్ సైనికులు పేర్లు అడగడానికి వచ్చిన రోజున, గుమ్మంలో కూర్చుని పెళ్ళికి అడ్డుపడిన ఇదే కాతా, తన శిలువ గొలుసు తీసి ఆమె మెడలో వేసి, "నా చెల్లెలు. జ్వరంతో మాట పడిపోయింది. అడిగేదేదో నన్నడగండి," అంది. ఆ కాలంలో ఈ పెళ్ళిలో వాళ్ళు ఏ లాభం చూసుకున్నారో ఆ అంకెగల అధికారి నాకు వివరించాలి.

ఆ సాయంత్రమే వింకోకు ఫోను చేశాము. విషయం విని అతను అడిగింది ఒక్కటే.

"రెండు అన్నాను బాబాయ్. రెండే కదా? మూడనాల్సిందా?"

"రెండే," అంది జుమ్రెతా, ఫోను దగ్గరికి వంగి. "పండగపూట కూడా రెండే. నువ్వు తప్పేం చెప్పలేదు."

"అయితే నేనే వచ్చేస్తాను. చెయ్యి పోతే పోయింది. ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం వచ్చేసింది."

"ఆపరేషను చేయించుకోకుండా గుమ్మం తొక్కావంటే, ఆ చెంచా కూడా నీకు పెట్టను!"

"నీ తిట్లు వినడానికి ఫోను చాలడం లేదే, జుమ్రా."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. అతను నాతో అన్నాడు: "అక్టోబరు ఆఖరు దాకా ఆగుతాను బాబాయ్. అప్పటికీ ఆమెను రానివ్వకపోతే బస్సెక్కుతాను. ఒక్కణ్ణే ఆ కట్టుతో ఆరు వారాలు ఉండలేను." వింకో ఉత్తినే మాట అనే మనిషి కాదు. ముప్పై ఏళ్ళు అతని బస్సు చెప్పిన నిమిషానికే కదిలింది.

మరునాడు నేను ఒక ఉపాయం చెప్పాను. ఆమె చక్కెర ముంచి కొరికి కాఫీ తాగుతుండగా వీడియో తీసి పునర్విచారణ అర్జీకి జతచేద్దామన్నాను. మిషను చప్పుడు ఆగింది.

"నా ఇంట్లో నేను కాఫీ తాగినట్టు వాళ్ళ కోసం నటించాలా? అప్పుడు కదా బాబాయ్ నాటకం అయ్యేది!"

"మరి ఏం చేద్దాం?"

"రాయండి. రాయడం మీ పని. తాగడం నా పని." మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమె చేతిలో ఉన్నది ఐదో చొక్కా. దానికి కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా విప్పుకునేలా కుడుతోంది, కట్టు పట్టడానికి.

నేను చెప్పిన ఉపాయానికి సిగ్గుపడుతూ ఇంటికి వచ్చి ఈ కాగితం రాస్తున్నాను. అర్జీతో పాటు ఇది కూడా పంపుతాను. పత్రికకు ఒక ప్రతి, నా పెట్టెలోకి ఒక ప్రతి.

అంకె వెనక కూర్చున్న అయ్యా, అమ్మా, ఎవరైతే వారు: 1993 మే పద్దెనిమిది, నమోదు నలభై ఒకటి. యుద్ధంలో ఊరు కాలుతున్నప్పుడు పిండిబస్తాలో దాచి కాపాడిన రిజిస్టరు అది. దాని కింద రాగిబ్ అనే నా పేరు, నా సంతకం ఉన్నాయి. ఆ పెళ్ళి అబద్ధమైతే నేను అబద్ధికుణ్ణి. నన్ను పిలవండి, మీ గాజుకిటికీ ముందు నిలబడతాను. కాకపోతే, మీ చట్టం అడిగిన కాగితాలు చూసి, అక్టోబరు ముప్పై ఒకటి లోపల జుమ్రెతాకు ప్రవేశానుమతి ఇవ్వండి. ఈసారి దాని కింద మీ పేరు రాయండి.