తూర్పుకని తవ్విన కాలువ

కర్నూలు ఆఫీసుల ఫైళ్ళు లారీలెక్కి హైదరాబాదుకు తరలిపోతున్న ఆ రోజుల్లో మా రాష్ట్రం ఎంత కొత్తదో, నా ఓవర్సీరు ఉద్యోగం కూడా అంత కొత్తది. ఆఫీసు బోర్డు మీద రాష్ట్రం పేరు తడి ఆరలేదు, నా సోలా టోపీ లోపలి కాగితం ఇంకా పీకలేదు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మనిషికి తెలియనివి చాలా ఉంటాయి గానీ, తెలియవన్న సంగతి మాత్రం అసలే తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే: ఇన్నాళ్ళూ ఈ దేశంలో వాననీళ్ళు వాటికి తోచినట్టు పారాయి, ఇకమీదట నేను చెప్పినట్టు పారతాయి.

నన్ను వేసిన ఊరు మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే వైపు ఉంది. పేరు చెప్పను. (చెప్తే ఆ ఊరివాళ్ళు నన్ను పోల్చుకుంటారు. పోల్చుకునేవాళ్ళు ఇంకా ఒకరిద్దరు ఉండవచ్చు.) చుట్టూ కొండలు కనిపిస్తాయి గానీ ఊరు మాత్రం రొట్టెల పీటలా చదును. వేసవిలో చుక్క నీరుండదు. ఉన్న బావుల్లో నీళ్ళు ఉప్పన. మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు మైలు దూరం బిందెలు మోసేవారు. అదే ఊళ్ళో భాద్రపదంలో ఒక్క గంట వాన పడితే బజారు వీధి మోకాలి లోతు చెరువయ్యేది. ఆ నీళ్ళు ఎటూ పోయేవి కావు, అక్కడే నిలిచి పచ్చబడి, దోమల్ని పెంచి, వాటంతట అవే ఎండేవి. అందుకని బజారుకు పడమటి చివర నుంచి తూర్పున ఊరి బయట వాగు దాకా కాలువ తవ్వమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. తవ్వించాల్సినవాణ్ణి నేను.

నాకు తోడుగా ఇచ్చిన మేస్త్రి అరవై దాటినవాడు. ఊరంతా పెద్దయ్య అని పిలిచేవారు, నేనూ అట్లాగే పిలిచాను. మొదటి రోజు నేను ఇత్తడి లెవెల్ మిషన్ను మూడు కాళ్ళ మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తుంటే, ఆయన తలపాగా విప్పి దులిపి మళ్ళీ చుట్టుకుంటూ అన్నాడు:

"నాయనా, నాకు చదువు లేదు. అయితే నలభై ఏండ్లుగా ఈ బజార్లో వాన చూస్తా ఉన్నా. నీళ్ళు తూర్పుకు పోవు. ఏ కొంచెం కదిలినా పడమటికే కదుల్తాయి."

"ఎంత కదుల్తాయి పెద్దయ్యా?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"అంతనీ ఇంతనీ చెప్పలేను. గడ్డిపోచ వేస్తే అటు పోతాది."

"గడ్డిపోచతో కాలువలు తవ్వరు. ఈ మిషను ఇంగ్లండులో తయారైంది. ఇది అబద్ధం చెప్పదు."

"మిషను చెప్పదు నాయనా," అన్నాడాయన. ఆ మాటలో మిగతా సగం ఏమిటో నాకు అప్పుడు వినిపించలేదు.

మిషను విద్య పెద్ద కష్టమైంది కాదు. దూరంగా ఒకరు అంకెలున్న కర్ర పట్టుకుని నిలబడతారు. నేల పల్లమైన కొద్దీ మిషన్లో కనిపించే అంకె పెద్దదవుతుంది. వెనక్కు చూసిన అంకె పుస్తకంలో ఒక గడిలో, ముందుకు చూసిన అంకె పక్క గడిలో రాయాలి. ఒకదాన్లోంచి ఇంకొకటి తీసేస్తే నేల ఎక్కిందో దిగిందో తేలుతుంది. రెండు రోజులు ఎండలో తిరిగి లెక్క వేశాను. బజారు పడమటి చివర నుంచి వాగు దాకా నేల తొమ్మిది అంగుళాలు దిగుతోందని వచ్చింది. నేలే దిగుతోంది కాబట్టి అంతటా మూడడుగుల సమాన లోతుతో తవ్వితే చాలు. ఇంత సులువైన డిజైను కాలేజీలో పరీక్షకు కూడా ఇవ్వరు. పొదిలిలో ఉన్న మా నాయనకు ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను, ఊరి కష్టం తీర్చబోతున్నానని.

కాలువ మొదలయ్యే పడమటి చివర రెండు గోడలు ఆనుకుని ఉండేవి. ఒకటి శెట్టి గారి దుకాణం. బెల్లం, చింతపండు, వేరుశెనగ. నేనుండే గది ఆయన మిద్దె మీదే. రెండోది ఖాలమ్మ ఇల్లు. ఆమె భర్త రేకు డబ్బాలు చేసేవాడు. ఊళ్ళో హిందువులూ ముస్లిములూ అందరూ ఆమెను ఖాలమ్మ అనే పిలిచేవారు. (ఖాలా అంటేనే పిన్నమ్మ, దానికి మళ్ళీ అమ్మ తగిలించడం మా వైపు మర్యాద.) ఆమె పెరట్లో గిలకబావి ఒకటి ఉండేది. ఏళ్ళ తరబడి ఎండి, అడుగున ఇంత ఉప్పు బురద మాత్రం మిగిలింది. మిద్దె తూము కింద భర్త చేసిన రేకు దోనె కట్టి, వాననీళ్ళు గుడ్డలో వడగట్టి తొట్లలోకి పట్టుకునేది. నాలుగు గుంజలకు తెల్లగుడ్డ కట్టి, నడుమ గులకరాయి వేసి, కింద బిందె పెట్టేది. కూలీలు మార్కింగుకు సున్నం చల్లుతుంటే గుమ్మంలో నిలబడి నన్ను పిలిచింది.

"అరె బేటా, ఈ కాలవ దేనికి?"

"వాననీళ్ళు ఊరి బయటికి పంపేదానికి ఖాలమ్మా."

"బయటికా! ఏడాదికి నాలుగు నాళ్ళు వచ్చే వాన. చుట్టమొస్తే కూర్చోమనేది పోయి, వెనక వాకిలి చూపిస్తావా? దీనికి సర్కారు జీతం కూడా ఇస్తాదా నీకు?"

కూలీలు నవ్వారు. నేను ఆమెకు మురుగు, దోమలు, ప్రజారోగ్యం గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపిగ్గా విని, "సరే బేటా, ఎండలో ఉన్నావు, మజ్జిగ తాగు," అంది. తాగాను. ఉపన్యాసం గెలిచిందనే అనుకున్నాను.

నెల రోజుల్లో కాలువ పూర్తయింది. అడుగున నాపరాళ్ళు పరిచి, దుకాణాల ముందు పెద్ద పలకరాళ్ళు మూతలుగా వేయించాను. శెట్టి గారు వచ్చేపోయేవాళ్ళకు చూపించి "మా మిద్దె మీద ఉండే అబ్బాయే" అని చెప్పుకునేవాడు. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను గొడుగు తీసుకుని, నా నీళ్ళు వాగులో దూకడం కళ్ళారా చూద్దామని తూర్పు చివరకు పోయి నిలబడ్డాను. కుండపోత. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. కాలువ నోటి దగ్గర ఒక కప్ప తప్ప ఏమీ రాలేదు. ఎక్కడో చెత్త అడ్డుపడిందనుకుని కాలువ వెంబడి బజారు వైపు నడిచాను. నడిచిన కొద్దీ లోపల నీళ్ళు పెరుగుతున్నాయి. అయితే నేను నడిచే దిక్కుకే, నా పక్కనే, నాకంటే వేగంగా పరిగెత్తుతున్నాయి. ఒక మోదుగాకు దొప్ప తేలుతూ నన్ను దాటి పడమటికి పోయింది.

బజారు చివర చేరేసరికి చేయగలిగింది లేదు. ఊరి నీళ్ళన్నీ పోగై వచ్చి, అవతలికి దారి లేని కాలువ మొదట్లో పొంగి, ఒక పాయ శెట్టి గారి దుకాణంలోకి, పెద్ద పాయ ఖాలమ్మ పెరటి గోడను తోసుకుని గిలకబావిలోకి పడుతున్నాయి. బావిలో ఆ చప్పుడు ఏనుగు తొండంతో నీళ్ళు పీలుస్తున్నట్టుంది. శెట్టి గారు పంచె ఎగగట్టి బెల్లం బస్తాలు పైకెత్తుతున్నాడు. నేనూ దిగి పట్టుకున్నాను. కింది వరస అప్పటికే కరిగి పానకమై గడప దాటింది.

"తూర్పుకన్నావు గదయ్యా! ఇదేనా నీ తూర్పు?" అన్నాడాయన, బస్తా నా భుజం మీదికి దించుతూ. బస్తా మోసుకుంటూ మెట్లెక్కాను. ఖాలమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ బావిలోకి తొంగి చూస్తూ ఉండిపోయింది. కూలిన ఆ గోడ చూశాక ఆమె తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

వాన వెలిశాక ఆఫీసుకు పోయి లెవెల్ పుస్తకం తీశాను. రెండో పేజీలోనే దొరికింది. వెనక గడిలో రాయాల్సిన అంకెలు ముందు గడిలో, ముందువి వెనక గడిలో రాశాను. ఒకచోట కాదు, మొదటి నుంచి చివరి దాకా. నేల తొమ్మిది అంగుళాలు దిగేది నిజమే, పడమటికి. పెన్సిలు రాత. చెరిపి గడులు మార్చి, తూర్పుకు పోనుపోను లోతుగా తవ్వమన్నానని రాసుకుంటే, తప్పు లెక్కలో లేదని, తవ్వినవాళ్ళదేనని చూపించవచ్చు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. శెట్టి గారు కర్నూలులో మా జిల్లా ఆఫీసుకు అర్జీ రాస్తున్నాడని అప్పటికే కబురు వచ్చింది. నేను రబ్బరు తీసి పేజీ మీద పెట్టాను. తలుపు దగ్గర పెద్దయ్య పారలు లోపల పెట్టడానికి వచ్చి నిలబడ్డాడు. ఏం జరుగుతోందో చదువు రాకపోయినా ఆయనకు అర్థమైనట్టుంది.

"నాయనా," అన్నాడు నెమ్మదిగా, "పుస్తకంలో దిద్దితే కాలవ తిరుగుతాదా?"

రబ్బరు సొరుగులో వేసేశాను. ఆయన ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఇంకెవరితోనూ అనలేదు. మర్నాడు మేమిద్దరం కలిసి ఖాలమ్మ గోడ కట్టాం. ఇటుకలు అందించడం నా పని.

ఆ పైన రెండు వారాలు నా బతుకు బెల్లం చీమలతో గడిచింది. పానకం వాసన పట్టి గోడలెక్కి నా గదిలోకి వచ్చాయి. పక్కలో చీమలు, టోపీలో చీమలు. శెట్టి గారు మాట్లాడడం మానేశాడు. అవతల బావి సంగతి వేరుగా నడుస్తోంది. మొదట్లో అందులో ఎర్రనీళ్ళు, పేడ, గడ్డి. గిన్నెలు తోమడానికి కూడా పనికిరాలేదు. మెల్లగా మట్టి అడుగుకు దిగింది. నడుమ పడ్డ రెండు చిన్న వానలకు ఇంకాస్త నిండింది. ఒక పొద్దున ఖాలమ్మ చేదతో తోడి, వడగట్టి, కాచి, చల్లార్చి నోట్లో వేసుకుని చూసింది. ఉప్పు లేదు. మధ్యాహ్నానికల్లా ఆమె పెరట్లో బిందెలు వరస కట్టాయి. ఊళ్ళో నిలబడి మంచినీళ్ళు చేదుకోవడం అక్కడి పిల్లలు మొదటిసారి చూడడం.

సరిగ్గా ఆ వారమే అర్జీ మీద విచారణకు కర్నూలు నుంచి పెద్ద ఇంజనీరు జీపులో వచ్చాడు. ఎత్తయిన మనిషి, తక్కువ మాటలు. ముందు పుస్తకం అడిగాడు. ఒక్క నిమిషం చూసి, మూసి, చంకలో పెట్టుకుని బజారు నడిచాడు. వెనక నేను, నా వెనక ఊరు.

శెట్టి గారు ఎదురొచ్చి చేతులు జోడించాడు. "అయ్యా, నా బెల్లమంతా నీళ్ళపాలయింది. ఇట్లాటి ఓవర్సీరును మా ఊర్లో ఉంచొద్దు."

బిందెల వరసలోంచి ఒకావిడ అంది, "నీ బెల్లం సంగతేమో గానీ శెట్టి బాబాయ్, రోజూ నీ ఇంటికి నాలుగు బిందెలు పోతా ఉండాయే?"

శెట్టి గారు ఒక్క క్షణం ఆలోచించాడు. "పోకుండా ఎట్ల? ఆ బావి నీళ్ళు తియ్యనైంది ఎవరి బెల్లంతోననుకున్నావు? ముందు వరస మాదే కావాల!"

బజారంతా ఘొల్లుమంది. (ఆయన నిజంగానే నమ్మాడని నాకు ఇప్పటికీ అనుమానం.) పెద్ద ఇంజనీరు నవ్వలేదు. బావి అంచున చేయి పెట్టి లోపలికి చూసి, నా వైపు తిరిగాడు.

"ఇది కావాలని చేశావా, పొరపాటున చేశావా?"

నేను నోరు తెరిచేలోపు ఖాలమ్మ తలమీద ముసుగు సర్దుకుని ముందుకొచ్చింది. "కావాలనే చేసినాడు సార్! నీళ్ళు బయటికి పంపొద్దు బేటా అని నేనే చెప్పినా. విన్నాడు. మంచి బిడ్డ."

అంత గొప్ప అబద్ధం నాకోసం అంతకు ముందుగానీ తర్వాతగానీ ఎవరూ ఆడలేదు. దాని మీద ఎక్కి కూర్చుంటే ఉద్యోగం ఖాయం, పైగా పేరు. ఒప్పుకుందామనే అనుకున్నాను, నిజం చెప్తున్నాను. కానీ పుస్తకం ఆయన చంకలో ఉంది, పెద్దయ్య జనంలో ఉన్నాడు.

"పొరపాటే సార్," అన్నాను. "గడులు తారుమారు చేశాను."

"తెలుసు," అన్నాడాయన. "చెప్తావేమోనని అడిగాను." తర్వాత చేతికర్రతో నేల మీద గీత గీశాడు. వీధి నీళ్ళు నేరుగా బావిలో పడకూడదు. పక్కన లోతుగా గుంత తీసి, కంకరా ఇసుకా నింపి, కాలువను అందులోకి తిప్పాలి. అక్కడ ఇంకిన నీరు మట్టిలోంచి బావికి చేరుతుంది. మిద్దెల నీళ్ళు మాత్రం ఖాలమ్మ చేసినట్టే వడగట్టి బావిలోకి వదలవచ్చు. గుంత నిండాక మిగిలింది పోవడానికి కాలువను తూర్పు వైపు పోనుపోను లోతు చేయాలి. "ఆమె చెప్పింది ముందే వినుంటే నీకు రెండుసార్లు తవ్వే పని తప్పేది," అని జీపెక్కాడు. ఉద్యోగం సంగతి ఏమీ అనలేదు. జీపు వెనక దుమ్ము అణిగేదాకా నేను టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. చీమ కుట్టింది.

ఉద్యోగం పోలేదు. కాలువ మళ్ళీ తవ్వాం, గుంత కట్టాం. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు ఎన్నో ఊళ్ళలో ఎన్నో కాలువలు తవ్వించాను. ఏ ఊళ్ళోనైనా మిషను ఎత్తే ముందు ఆ వీధిలో ఇల్లు ఊడ్చుకునే ఆడవాళ్ళను వాన ఎటు పోతుందమ్మా అని అడిగేవాణ్ణి. లెక్క ఒకసారి వేసి, మళ్ళీ వేసి, ఇంటికి పోయేవాణ్ణి దారిలోంచి తిరిగొచ్చి ఇంకోసారి వేసేవాణ్ణి. నా కింద పనిచేసిన కుర్ర ఇంజనీర్లు చాటున నన్ను "మూడోసారి సారు" అనుకునేవారు. నాకు వినపడదనుకునేవారు. చదువుకున్నవాడికి అంత భయమెందుకో అని వాళ్ళు నవ్వుకుంటుంటే, మంచి సోలా టోపీ పెట్టుకుని, వాన వస్తుంటే గొడుగేసుకుని ధీమాగా తూర్పుకు నడిచిపోతున్న ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడొకడు నా కళ్ళముందు కనిపించేవాడు. వాణ్ణి వెనక్కు పిలవాలనిపించేది. పిలిచినా వినే రకం కాదు.